వణకడం నేర్చిన హోండా

ఇంజనీర్లు సమస్యల్ని పరిష్కరిస్తారని లోకంలో ఒక మూఢనమ్మకం ఉంది. హోండా కంపెనీ మోటార్‌సైకిల్ షాడో చరిత్ర చదివితే అది వదిలిపోతుంది. పరిష్కరించిన సమస్యను మళ్ళీ జాగ్రత్తగా తెచ్చిపెట్టడమే అసలు విద్య.

అమెరికా బైకు హార్లే-డేవిడ్‌సన్ ఇంజన్‌లో రెండు సిలిండర్ల మధ్య కోణం 45 డిగ్రీలు. పిస్టన్ల కదలికను అందించే రెండు కనెక్టింగ్ రాడ్లకూ, వాటితో తిరిగే ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్ మీద ఒకటే పిన్ను. అందుకని ఒక సిలిండర్‌లో ఇంధనం పేలాక రెండోదాంట్లో పేలడానికి ఆ ఇరుసు 315 డిగ్రీలు తిరగాలి, మళ్ళీ మొదటిదాంట్లో పేలడానికి 405. ఈ కుంటినడక చప్పుడునే అమెరికాలో సంగీతం అంటారు. (బుల్లెట్ డుగ్గుడుగ్గుకి పరవశించే మనం మాత్రం నవ్వకూడదు.)

1983 మోడల్‌గా వచ్చిన షాడో 750కి ఈ సంగీతజ్ఞానం లేదు. 52 డిగ్రీల వీ-ట్విన్‌లో (V ఆకారంలో రెండు సిలిండర్లున్న ఇంజన్‌లో) క్రాంక్ పిన్నును రెండు చేసి, వాటిని 76 డిగ్రీలు ఎడంగా పెట్టారు. లెక్క సరిగ్గా కుదిరి పెద్ద వణుకు పోయింది. నీళ్ళతో చల్లబడే ఇంజన్, చైను బదులు షాఫ్టు, వాల్వులు సర్దే బాధ లేకుండా హైడ్రాలిక్ ఏర్పాటు. ఇంత బుద్ధిమంతుణ్ణి ఎవరు ఓర్చుకుంటారు? అదే ఏడాది అమెరికాలో రీగన్ ప్రభుత్వం హార్లేని కాపాడడానికి 700 సీసీ దాటిన దిగుమతి బైకుల మీద సుంకాన్ని 4.4 నుంచి 49.4 శాతానికి పెంచింది. మరుసటి ఏటికి షాడో 694 సీసీకి చిక్కిపోయింది. ఇంజన్ సైజును కస్టమ్స్ శాఖ నిర్ణయించడం కూడా డిజైనే.

అసలు మహత్కార్యం 1995లో జరిగింది. ఆ ఏడు షాడో 1100 ఏస్ వచ్చింది. ఏస్ అంటే అమెరికన్ క్లాసిక్ ఎడిషన్. ఎడంగా ఉన్న పిన్నుల్ని తీసేసి మళ్ళీ ఒకే పిన్ను పెట్టారు. బలం కొంత తగ్గింది, వణుకు తిరిగొచ్చింది, కొనేవాళ్ళు సంతోషించారు. నీళ్ళు చల్లబరిచే సిలిండర్లకు గాలి కోసమన్నట్టు రెక్కలు, రేడియేటర్ మాత్రం ఫ్రేము గొట్టాల మధ్య తప్పుచేసినవాడిలా నక్కి ఉంటుంది. కంపనాన్ని ఇంత కచ్చితమైన కొలతలతో తయారుచేయడం అందరికీ చేతకాదు. సాధారణంగా దానికి నిర్లక్ష్యం సరిపోతుంది.

అంతకు ముందే, 1994లో, హార్లే తన చప్పుడుకి ట్రేడ్‌మార్క్ కావాలని దరఖాస్తు పెట్టింది. జపాన్ కంపెనీలు అభ్యంతరం చెప్పాయి. వ్యవహారం ఏళ్ళ తరబడి నడిచి, 2000లో హార్లేయే దరఖాస్తు వెనక్కి తీసుకుంది. చప్పుడు మళ్ళీ ప్రజల సొత్తయింది.

ఏస్‌లో ఒక్క లోటు చెప్పక తప్పదు. రాత్రి నిలిపి పొద్దున తీస్తే కింద నేల పొడిగా ఉంటుంది. పాత హార్లేలు పెట్టింది పేరైన ఆ నూనె మరక విషయంలో హోండా ఇంజనీర్లు ఎందుకు అశ్రద్ధ చేశారో ఒక విచారణ సంఘం వేసి తేల్చాలి.