టైల్స్ తర్వాత చూద్దాం, ముందు సింకు నీళ్ళు ఎటు పోతాయో చెప్పండి

నిన్న రాత్రి చెల్లి ఫోన్ చేసింది. వంటిల్లు వెనక్కి పెంచుతున్నారట. "అక్కా, టైల్స్ సెలెక్ట్ చేసేశాను, ఫోటోలు పంపాను చూడు" అంది. చూశాను, బాగున్నాయి. సింకు ఎక్కడ వస్తుందే అని అడిగితే, "అదంతా మేస్త్రీ చూసుకుంటాడులే" అంది. నాకు గుండె ఝల్లుమంది. నాలుగేళ్ళ కిందట నేనూ అచ్చం అదే మాట అన్నాను. రాత్రంతా అదే ఆలోచన. అందుకే పొద్దున్నే కూర్చుని ఇది రాస్తున్నాను. వంటిల్లు పెంచాలనుకుంటున్న వాళ్ళుంటే కాస్త ఓపిగ్గా చదవండి, పొడుగ్గానే ఉంటుంది.

మనం వంటింటి బడ్జెట్‌ని కంటికి కనిపించే వైపు నుంచి మొదలుపెడతాం. టైల్స్, గట్టు మీద రాయి, అల్మరా తలుపుల రంగు, చిమ్నీ. వీటికి ఇంత, వాటికి ఇంత అని రాసుకుని, మిగిలిన దాంట్లో పునాది, పైపులు, వైరింగు, కప్పు సర్దేద్దామనుకుంటాం. ఇది తలకిందుల లెక్క. అల్మరాకి తలుపులు రెండేళ్ళాగి పెట్టించుకున్నా కొంప మునగదు. నేల కింద పైపు మార్చాలంటే మాత్రం నేల పగలగొట్టాల్సిందే.

మా ఇంట్లో జరిగింది అదే. కొత్త కిటికీ కింద నిలబడి గిన్నెలు కడుక్కుంటే బాగుంటుందని సింకుని చివరి మూలకి జరిపించాను. అక్కడి నుంచి పాత డ్రైనేజీ ఛాంబర్, అంటే ఇంట్లో వాడిన నీళ్ళు వెళ్ళి చేరే మూత ఉన్న గొయ్యి, నాలుగు మీటర్ల పైనే దూరం. సింకు నీళ్ళు పోయే పైపుకి మీటరుకి సుమారు 2 నుంచి 2.5 సెంటీమీటర్ల వాలు ఉండాలి. అంటే నాలుగు మీటర్లకి 8 నుంచి 10 సెంటీమీటర్లు కిందికి దిగాలి. మా ఛాంబర్ అంత లోతు లేదు. ఈ సంగతి పని మొదలుపెట్టకముందే ఛాంబర్ మూత ఎత్తి, టేపు దింపి చూస్తే పది నిమిషాల్లో తెలిసేది. ఎవరూ చూడలేదు. నేను అడగలేదు, కాంట్రాక్టర్ చెప్పలేదు. పైపుని దాదాపు చదునుగా పరిచి, పైన టైల్స్ వేసేశారు. మూడు నెలలు తిరక్కుండానే సింకులో నీళ్ళు నిలబడటం మొదలైంది, తర్వాత వాసన. చివరికి నేల తవ్వి, సింకుని రెండు మీటర్లు ఇవతలికి తెచ్చి, పైపు మళ్ళీ వేయించాం. అప్పటికి ఆ టైల్ డిజైను దొరకలేదు. గట్టు పక్కన రెండు వరుసలు ఇప్పటికీ వేరే రంగులో ఉంటాయి. వాటిని తుడుస్తున్న ప్రతిసారీ నాకు ఆ నెల గుర్తొస్తుంది.

రెండో దెబ్బ వెలుతురు. దీని గురించి ఎవరూ హెచ్చరించరు కాబట్టి గట్టిగా చెప్తున్నాను. వంటిల్లు వెనక్కి పెంచితే, ఇప్పుడున్న వెనక గోడ కిటికీ పోతుంది. కొత్త గది కళకళలాడుతుంది, పాత వంటిల్లు నడిమి గది అయిపోతుంది. మా ఇంట్లో మధ్యాహ్నం మూడింటికి పప్పుడబ్బా మీద రాసిన పేరు కూడా స్పష్టంగా చదవగలిగే చోట, ఇప్పుడు పగలే లైటు వేసుకోవాలి. పాత కప్పుకంటే కొత్త కప్పు కాస్త కిందికి వేయించి, ఆ తేడాలో వెంటిలేటర్లు పెట్టించుకుని ఉంటే సరిపోయేది. లేదా కొత్త కప్పులో, పాత గదికి దగ్గరగా, గాజు పలక బిగించడానికి చోటు వదిలినా సరిపోయేది. కప్పు వేయకముందు అది డ్రాయింగులో ఒక గీత. వేశాక అది కోత, నీళ్ళు కారకుండా మళ్ళీ వాటర్‌ప్రూఫింగు, ఇంకో ఖర్చు.

ఇక ఖర్చు లెక్క. "చదరపు అడుగుకి ఇంత" అని ఎవరైనా నోటిమాటగా చెప్తే దాన్ని పట్టుకుని బడ్జెట్ వేయకండి. ఆ రేటు సాధారణంగా ఇల్లు మొత్తం కట్టేటప్పుడు వచ్చే సగటు. అందులో పడగ్గదులు, వరండా అన్నీ కలిసి ఉంటాయి. వంటింట్లో ప్రతి మూలా నీళ్ళో, కరెంటో, మంటో ఉంటుంది. పైగా చిన్న పొడిగింపుకి చదరపు అడుగు ఖర్చు పెద్దదానికంటే ఎక్కువే పడుతుంది. లెక్క వేసి చూడండి. 3 మీటర్ల వెడల్పున 2 మీటర్లు వెనక్కి జరిగితే 6 చదరపు మీటర్ల చోటు వస్తుంది, దానికి మూడు వైపులా కలిపి 7 మీటర్ల కొత్త గోడ కావాలి. 4 మీటర్ల వెడల్పున 3 మీటర్లు జరిగితే చోటు రెట్టింపు, 12. గోడ మాత్రం 10 మీటర్లే. సింకు ఒకటే, పొయ్యి ఒకటే, పగలగొట్టే గోడ దాదాపు అదే. పెద్దది కట్టమని నేను చెప్పడం లేదు. చిన్నదే కదా చవగ్గా అయిపోతుందనే ధీమా వద్దంటున్నాను.

మధ్యలో తీసేసే గోడ మీద పైన బరువుందా లేదా అన్నది స్ట్రక్చరల్ ఇంజనీర్ వచ్చి చూసి చెప్పాలి. బీము వేయాల్సి వస్తే ఆ ఖర్చు మొదటి రోజే కాగితం మీదికి రావాలి. ఆ ఇంజనీర్ ఫీజు దండగ అని మానేసే వాళ్ళని చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది, ఎందుకంటే ఆ గోడ కిందే కదా మన పిల్లలు తిరిగేది. అలాగే పాత పునాది ఏనాడో సర్దుకుని ఉంటుంది, కొత్తది ఇంకా కుంగుతుంది. రెండింటినీ ఒకే గోడలా గట్టిగా కలిపేసి ప్లాస్టరింగు చేస్తే, కలిసిన చోట నిలువునా పగులు వస్తుంది, వానాకాలంలో తేమ దిగేది అక్కడే. ఆ అతుకుని ఎలా చేస్తారో కొటేషన్‌లో రాయించుకోండి. ఇక అనుమతి కాగితాలు చేతికి రాకుండా గోడ మీద సుత్తి పడనివ్వకండి.

అసలు పెంచాల్సిన అవసరం ఉందా అన్నది కూడా ఒకసారి చూసుకోండి. 1926లో మార్గరెట్ షూటె-లిహోట్స్కీ అనే ఆవిడ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొత్తగా కడుతున్న ఇళ్ళ కోసం వంటిల్లు డిజైన్ చేసింది. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు, అంతే. వంట చేసే మనిషి ఎన్ని అడుగులు వేస్తుంది, చెయ్యి ఎక్కడికి చాస్తుంది అని చూసుకుంటూ గీసిన కొలతలవి. అలాంటివి దాదాపు పది వేలు కట్టారు. మన వంటిల్లు ఇరుకనిపించేది చాలాసార్లు చోటు లేక కాదు, తలుపు తప్పు చోట ఉండటం వల్ల, ఫ్రిజ్ నడిచే దారికి అడ్డం రావడం వల్ల. ఒక తలుపు జరిపితే పోయే ఇబ్బందికి పునాది తవ్వుకోవడం ఎందుకు?

దీనికి నేను చేసిన ఒకే ఒక మంచి పని చెప్తాను. కాకపోతే అప్పటికే గోడలు లేచిపోయాయి. కొత్త గది నేల మీద సుద్దముక్కతో అన్నీ అసలు కొలతల్లో గీశాను. గట్టు 60 సెంటీమీటర్ల లోతు. ఎదురెదురు గట్ల మధ్య ఒక్కరే పనిచేస్తే 105, ఇద్దరైతే 120 సెంటీమీటర్లు. తర్వాత అమ్మని పిలిచి, "ఫ్రిజ్ తలుపు తీసినట్టు నటించు" అన్నాను. ఆవిడ చెయ్యి వెనక్కి లాగుతూ ఒక అడుగు వేసింది, సరిగ్గా గుమ్మంలో నిలబడింది. అంటే ఫ్రిజ్ తలుపు తీసిన ప్రతిసారీ దారి మూసుకుపోతుంది. కంప్యూటర్‌లో గీసి ఇచ్చిన రంగుల బొమ్మలో నెల రోజులు చూసినా నాకు అది కనపడలేదు. ఫ్రిజ్‌ని ఎదురు గోడకి మార్చాం. అమ్మ అక్కడే ఇంకో మాట అంది, "గట్టు ఇంత ఎత్తయితే నా భుజాలు లాగేస్తాయి." మామూలుగా 85 నుంచి 90 సెంటీమీటర్లు పెడతారు. నిజానికి చూసుకోవాల్సింది ఎక్కువసేపు వండే మనిషి మోచేతి ఎత్తు, దానికి 10 నుంచి 15 సెంటీమీటర్లు కిందికి గట్టు రావాలి. ప్లాన్ గీసేటప్పుడు వండే మనిషిని పక్కన కూర్చోబెట్టకుండా ఇంట్లో మిగతా వాళ్ళు నిర్ణయాలు తీసుకుంటే నాకు కోపం వస్తుంది. రోజుకి నాలుగైదు గంటలు నిలబడేది వాళ్ళు.

సరే, డబ్బు. ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోమని అందరూ చెప్తారు. ముగ్గురికీ ఒకే డ్రాయింగు, ఒకే జాబితా ఇవ్వకపోతే ఆ మూడు అంకెల్నీ పోల్చడానికి వీల్లేదు. ఒకరు కూల్చిన చెత్త ఎత్తేయడం కలుపుతారు, ఇంకొకరు కలపరు. ఒకరు పెద్ద లోడు పాయింట్లకి వేరే వైరింగు లెక్కేస్తారు, ఇంకొకరు పాత లైనుకే అతికిస్తారు. ఒక్కొక్కటి 2000 వాట్ల దాకా లాగే ఓవెన్, కెటిల్ లాంటివి ఒకే లైను మీద పెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. తక్కువ చెప్పిన వాడి కాగితంలో ఏం లేదో వెతకండి.

మీ దగ్గర నూరు ఉంటే ఎనభై అయిదుకే ప్లాన్ వేయండి. ఆ పదిహేను గోడ తెరిచాక బయటపడే వాటికి. పాత ఇల్లయితే ఇరవై ఉంచండి. అది టైల్స్ అప్‌గ్రేడ్ చేసుకోవడానికి కాదని ఇంట్లో అందరి ముందూ చెప్పండి, లేకపోతే రెండో వారంలోనే కరిగిపోతుంది. అడ్వాన్సు తక్కువ, పని అయిన మేరకే డబ్బు, చివరి విడత మాత్రం కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి, నీళ్ళు పోవడం కళ్ళారా చూశాకే. మధ్యలో ఏది మార్చినా ఎంత అవుతుందో, ఎన్ని రోజులు పెరుగుతుందో రాయించుకుని సంతకం పెట్టండి. "చూసుకుందాంలే మేడమ్" అన్న మాటకి నేను కట్టిన డబ్బు తక్కువేం కాదు.

తొందర కూడా పెట్టకండి. కాంక్రీటుకి కనీసం వారం రోజులు తడి ఆరకుండా ఉంచాలి, పూర్తి బలం లెక్కకి 28 రోజులు తీసుకుంటారు. అల్మరాల కొలతలు ప్లాస్టరింగు, నేల పూర్తయ్యాకే ఇవ్వండి. తడి గోడకి చెక్క బిగిస్తే ఉబ్బుతుంది. ఈలోగా వండుకోవడానికి ఒక మూల కుళాయి, ఒక పొయ్యి ఏర్పాటు చేసుకోండి, ఆ ఖర్చూ బడ్జెట్‌లో రాయండి. మేం రాయలేదు. బయటి తిండికి అయిన డబ్బుతో ఒక మంచి చిమ్నీ వచ్చేది.

గోడలు, నేల మూసే ముందు ప్రతి పైపుకీ, ప్రతి వైరుకీ పక్కన టేపు పెట్టి ఫోటో తీయండి. రెండోసారి పైపు వేయించినప్పుడు నేను తీశాను. మొన్న షెల్ఫ్ బిగించడానికి వచ్చినతను డ్రిల్ పెట్టబోతుంటే ఆ ఫోటో చూపించాను. ఆయన చెయ్యి ఒక జానెడు పక్కకి జరిపాడు.

చెల్లికి ఇదంతా ఫోన్లో చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "టైల్స్ వాళ్ళకి ఆగమని చెప్తాను" అంది. ఈ ఆదివారం సుద్దముక్కలు, టేపు పట్టుకుని వాళ్ళింటికి వెళ్తున్నాను. ముందు ఆ ఛాంబర్ మూత ఎత్తించి లోతు చూడాలి.