కోళ్లు గూట్లో ఉన్నప్పుడే టీకా

ముసురు పట్టిందంటే ఓరుగల్లు పల్లెల్లో కోళ్ల గురక మొదలవుతుంది. పొద్దున గంప ఎత్తగానే గింజల మీదికి ఉరకాల్సిన పెట్ట మూలకు ముడుచుకుని, మెడ చాచి, నోరు తెరిచి ఊపిరి లాగుతుంటుంది. కంటి కొనలో నురగ. ఇంటావిడ వెంటనే మనుషులకు తెచ్చిన గోలీ అరముక్క నూరి అన్నంలో కలుపుతుంది. తగ్గితే గోలీ గొప్ప, తగ్గకపోతే సాయంత్రానికి కూర.

గురక ఒకటే, రోగాలు వేరు. మొహం వాచి, ముక్కు నుంచి కంపుకొట్టే చీమిడి కారితే కొరైజా అనే కోళ్ల జలుబు కావచ్చు. వారాల తరబడి గురగురమంటూ బక్కచిక్కితే సీఆర్‌డీ, అంటే దీర్ఘకాలిక శ్వాస రోగం అని అనుమానించాలి. దాన్ని తెచ్చే మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవికి కణం చుట్టూ గోడే ఉండదు. ఆ గోడను దెబ్బతీసి పనిచేసే అమాక్సిసిలిన్ గోలీని ఎంత నూరి పోసినా లాభం లేదు. టైలోసిన్, డాక్సీసైక్లిన్ లాంటివి పనిచేస్తాయి, అదీ పశువుల డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడితేనే. మందు ఆపాక అది ఒంట్లోంచి పోయే గడువు తీరేదాకా ఆ కోడి గుడ్లు, మాంసం తినొద్దని చెప్పేవారేరీ? ఇక ఆకుపచ్చగా పారుతూ, మెడ మెలిక తిరిగితే కొక్కెర రోగమే అనుకోవాలి. అది వైరస్. దానికి మందు లేదు, టీకా ఒక్కటే దిక్కు.

టీకా లేక కాదు. పిల్లకు మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క, ఎనిమిదో వారంలో ఆర్2బీ అనే టీకా సూది. కానీ సీసా వందల కోళ్లకు సరిపడా వస్తుంది. ఐస్‌లో పెట్టి తేవాలి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. ఎనిమిది కోళ్లున్న ఇల్లాలు ఆ సీసా కొనదు, కొనమనడం న్యాయమూ కాదు. ఇది ఆమె తెలియనితనం కాదు, ఏర్పాటులోని లోపమని మా అభిప్రాయం. ఇదే రోగానికి, వేడిని కొంత తట్టుకునే ఐ-2 రకం టీకాను ఆఫ్రికా పల్లెల్లో ఏళ్లుగా వాడుతున్నారు. మన ఎండలకు అలాంటిది మరింత అవసరం.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడగానే సరిహద్దుల్లో కోళ్ల లారీలను ఆపారు. మంచిదే. మరి గంప కింది కోడిని చూసిందెవరు? రెండేళ్లకోసారి మేడారం జాతరకు సంచిలో, ఆటోలో, బస్సు సీటు కింద ఎన్ని కోళ్లు జిల్లాలు దాటుతాయో అందరికీ తెలుసు. నలతగా ఉన్నదాన్ని ‘పోయేలోపు అమ్మేద్దాం’ అని సంతకు తేవడమూ మామూలే. జాతరకు కనీసం మూడు వారాల ముందే ఊరూరా కొక్కెర రోగం టీకా పూర్తి కావాలి. మామునూరు పశువైద్య కళాశాల విద్యార్థులు, మహిళా సంఘాలు చేయి కలిపితే ఇది పెద్ద ఖర్చూ కాదు. సంఘంలో ఇద్దరికి చుక్క వేయడం నేర్పితే చాలు. కోడి రొమ్మును గట్టిగా నొక్కి పట్టొద్దని మాత్రం ముందే చెప్పాలి. దానికి మనలా ఊపిరి ఆడించే కండర పొర, అంటే ఉదరవితానం ఉండదు, రొమ్ము కదిలితేనే ఊపిరి ఆడుతుంది.

ఇంకో చిక్కుంది. ఆఫీసు వేళల్లో ఊరికి వెళ్తే కోళ్లు పెంటకుప్పల మీద, చేనుగట్ల మీద ఉంటాయి. పట్టుకోబోతే పట్టుకునేవారికే రొప్పు వస్తుంది. పొద్దు గూకి గూట్లో చేరాకనో, తెల్లారి గంప ఎత్తకముందో వెళ్లాలి. టీకా రోజున సిబ్బంది డ్యూటీ వేళలు మార్చుతూ ఒక ఉత్తర్వు ఇవ్వడానికి పశుసంవర్ధక శాఖకు బడ్జెట్ అక్కర్లేదు.