సగటున చదునే

మొన్న తిరుపతిలో ఒక సభకు పోయి నా అజ్ఞానం పోగొట్టుకున్నాను. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడ్డ గాలి మనమనుకున్నంత గట్టిదేం కాదట. చెప్పింది మనిషి కాదు, ఒక వాతావరణ నిపుణుడు తెర మీద చూపిన రంగుల మ్యాప్. మ్యాప్‌ను మించిన సాక్షి ఉంటుందా?

మ్యాప్ మర్మం ఇదీ. భూమిని గళ్ళుగా కోసి, గడికొకే గాలి, ఒకే ఎత్తు రాస్తారు. పాత తుఫాన్ల కోసం ఎక్కువమంది తిరగేసే ఈఆర్‌ఏ5 అనే లెక్కల పుస్తకంలో (పాత కొలతల్ని కంప్యూటర్ మోడల్‌తో కలిపి కట్టిన వాతావరణ చరిత్ర అది) గడి పక్క దాదాపు 31 కిలోమీటర్లు. తుఫాను కన్ను చుట్టూ సుడి తిరిగే అసలు గాలి చాలాసార్లు ఒకటి రెండు గళ్ళలోనే మునిగిపోతుంది. ఐదారు గళ్ళు పరుచుకుంటే తప్ప దాని ఆకారం కంప్యూటర్‌కు సరిగ్గా అందదు.

ఈ పద్ధతిలో మన ఊరికి ఎంత మేలో చూడండి. తిరుపతి, చంద్రగిరి, రేణిగుంట, తిరుమల ఒకే గడిలో సర్దుకుపోవచ్చు. ఏడుకొండల్నీ కింది మైదానంతో కలిపి సగటు తీస్తే మిగిలేది చిన్న వాలు. మరి అలిపిరి నుంచి 3,550 మెట్లు జనం దేనికెక్కుతున్నట్టు? మోకాళ్ళ పర్వతం దగ్గర ఒక్కో మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కే అవ్వ దగ్గరికి మన నిపుణుడు పోయి, "అవ్వా, ఈడ కొండ లేదు, సగటున చదునే" అనాలి. "చదునైతే నా మోకాళ్ళేల నొస్తాండాయి నాయనా?" అంటుందామె. దానికీ జవాబుంది. ఘాట్ రోడ్డులో బస్సెక్కి పోయినోళ్ళ మోకాళ్ళు కూడా కలిపితే ఆ నొప్పి లెక్కలోకే రాదు.

గడి చిన్నది చేస్తే ఖర్చంటారు. నిజమే. పక్క సగం చేస్తే గళ్ళు నాలుగింతలు, కాలంలో వేసే అడుగులు రెట్టింపు, మొత్తం పని ఎనిమిదింతలు. దానికి నాకు కోపం లేదు.

కానీ ఆ పెద్దమనిషి నవ్వుతూ, "పాతకాలం వాళ్ళు కాస్త ఎక్కువ చేసి చెబుతారు" అన్నాడు. ఎవరయ్యా ఎక్కువ చేసింది? సర్కారు లెక్కకే పదివేల మంది పోయారు. ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయాయి. బిడ్డను చేజార్చుకున్న తల్లి ఏం ఎక్కువ చేసింది? నీ గడి పట్టలేకపోయింది కాబట్టి ఆ గాలే వీయలేదా? పెద్ద గళ్ళలో తుఫాను నీరసంగా కనబడుతుందన్నది ఈ పని చేసేవాళ్ళందరికీ తెలిసిన సంగతి. ఆ ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదా?

పాకాల దగ్గర గాదంకిలో గాలిని నిలువునా 150 మీటర్ల మెట్లుగా కొలవగల రాడార్ ఉంది. తిరుపతికి సుమారు ఒక గడి దూరం. ఆ పెద్దమనిషి పోయి చూడాలనుకుంటే పాకాల వైపు బస్సులు చాలానే ఉన్నాయి.