ఆ ఫారంలో రేడియేషన్ గడి లేదు

ఇప్పుడే అమ్మని పళ్ళ క్లినిక్ నుంచి తీసుకొచ్చాను. ఒళ్ళు మండిపోతోంది.

ఒక ఫారం ఇచ్చారు. షుగరుందా, బీపీ ఉందా, గుండె జబ్బుందా, అన్నీ అడిగారు. తలకో మెడకో రేడియేషన్ తీసుకున్నారా అని మాత్రం ఎక్కడా లేదు. ఎక్స్‌రే తీశారు, కింది దవడలో రెండు ఇంప్లాంట్లు వేద్దామన్నారు, వచ్చే వారానికి తేదీ కూడా ఇచ్చేశారు. లేవబోతూ నేనే అన్నాను, "నాలుక క్యాన్సర్‌కి 66 గ్రే డోసు రేడియేషన్ ఇచ్చారండీ, 33 సిట్టింగుల్లో" అని. డాక్టరుగారి పెన్ను ఆగిపోయింది. "ఆ సంగతి ముందే చెప్పాలి కదమ్మా" అన్నారు. అడగాల్సింది ఎవరండీ?

రేడియేషన్ పడ్డ దవడలో సన్న రక్తనాళాలు మూసుకుపోతాయి, కణాలు చచ్చిపోతాయి. ఇంప్లాంట్ అంటే పన్ను బిగించడానికి దవడలో దింపే టైటానియం మరమేకు, చుట్టూ ఎముక పెరిగి దాన్ని పట్టుకోవాలి. రక్తం సరిగా అందని ఎముకకి రంధ్రం పెడితే పట్టుకోకపోవచ్చు, గాయం మానక ఎముకే బయటపడి చచ్చిపోనూవచ్చు. ఆస్టియోరేడియోనెక్రోసిస్ అంటే అదే. పై దవడకన్నా కింది దవడకే భయం ఎక్కువ, ఏళ్ళు గడిచాయని ఆ ముప్పు పోదు. అలాగని వేయకూడదనీ కాదు, చాలామందికి నిలుస్తున్నాయి. కానీ ఏ చోట ఎంత డోసు పడిందో చూసుకున్నాక కదా డ్రిల్లు పట్టుకోవాలి!

అసలు నా కడుపుమంట ఈ క్లినిక్ మీద కాదు. మూడేళ్ళ కిందట, రేడియేషన్ మొదలుపెట్టేముందు, ఒక్కరంటే ఒక్కరు మమ్మల్ని పళ్ళ డాక్టరు దగ్గరికి పంపలేదు. పాడైన పళ్ళు ముందే తీసేసి, రెండు మూడు వారాలు గాయం మానాక మొదలుపెట్టాలట. పళ్ళు పుచ్చకుండా ఇంట్లో రోజూ పెట్టుకునే ఫ్లోరైడ్ ట్రేలు కూడా ఉంటాయట. నాకివన్నీ తర్వాత తెలిశాయి. అప్పటికే అమ్మకి లాలాజలం ఎండిపోయి, పళ్ళు చిగురు దగ్గర నల్లబడి, పుటుక్కున విరగడం మొదలైంది. మొదటిది విరిగినప్పుడు దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు అలాగే చూస్తూ కూర్చుంది. మిగిలిన మొదళ్ళు తీయించిన ప్రతిసారీ దవడ మానుతుందో లేదోనని నెలలు లెక్కపెట్టుకున్నాం. కట్టుడు పళ్ళు పెడితే తడిలేని నోట్లో ఒరుసుకుని పుండ్లు పడ్డాయి.

"ప్రాణం దక్కింది కదా, పళ్ళదేముంది" అంటారు చూడండి, వాళ్ళని ఒక్క పూట అమ్మ పక్కన కూర్చోబెట్టాలి. నీళ్ళ సీసా లేనిదే ముద్ద దిగదు. మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది, నా దగ్గర కూడా.

రేపు పొద్దున్నే రేడియేషన్ ఇచ్చిన ఆస్పత్రికి వెళ్ళి ఆ డోసు ప్లాన్ అడుగుతాను. చేతికిచ్చేదాకా అక్కణ్ణుంచి కదలను.