శ్రీమతి గీత గారికి, కృష్ణుడి ముక్కు విషయమై

మహాలక్ష్మీ సమానురాలైన శ్రీమతి గీత గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేము కుశలం కాదు. ఆదివారం బిర్యానీ తిని పడుకోవాల్సిన మూడు గంటలూ, పన్నెండు వందల రూపాయలూ, ఒక మీటరు గుడ్డా తమరికి సమర్పించుకున్నాను. శ్రీకాళహస్తి కలంకారీ ఒక్క పూటలో నేర్పిస్తామన్నారు. నేర్పలేదని అనను. టీచరు గారు నేర్పారు. తమరే రాలేదు.

మన గొడవ ఈనాటిది కాదులెండి. నాలుగో తరగతి డ్రాయింగు పుస్తకంలో రెండు త్రికోణాల కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన గుడిసె... అప్పుడు స్కేలు పెట్టి మిమ్మల్ని లొంగదీశాను. ఆ కక్ష ఇన్నాళ్ళూ దాచుకున్నారన్నమాట.

మీ బంధువులతోనూ నాకు పెద్ద సఖ్యత లేదు. కానీ రంగు ఎక్కువైతే 'జానపద శైలి' అని తప్పించుకోవచ్చు. నా ఏనుగు ఆకారాన్ని బంగాళాదుంప అన్నారు, బంగాళాదుంపగానే ఉంచేశాను. కుండకి నీడ వేస్తే మసి అంటుకుంది. ఖాళీ వదిలితే, గొప్పవాళ్ళకైతే భావమట, నాకైతే బద్ధకమట. వీళ్ళందరితో ఎలాగోలా సర్దుకుపోతాను. మీతోనే కుదరడం లేదు.

జరిగింది మీకు తెలుసు, అయినా చెప్తాను. గుడ్డను ముందే కరక్కాయ రసంలో, పాలలో ముంచి ఆరబెట్టి ఇచ్చారు. పాలలో కొవ్వు ఉంటుంది కాబట్టి రంగు పాకదట. వాసన మాత్రం బ్రహ్మాండంగా పాకుతుంది. కాల్చిన చింతపుల్లతో కృష్ణుడి ముఖం లేతగా గీసుకున్నాను. దులిపితే పోయేదే కదా, ధైర్యంగానే ఉన్నాను. అప్పుడు చేతికి కలం ఇచ్చారు. వెదురుపుల్ల, మొనకి కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగించారు. తుప్పు ఇనుమూ బెల్లమూ వేసి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్ళలో దాన్ని ముంచి, ఆ ఉన్నిని వేళ్ళతో నొక్కుతూ పోవాలి.

టీచరు గారు నొసటి నుంచి ముక్కు మీదుగా గడ్డం దాకా ఒక్క ఊపులో లాగేశారు. అవతల ఎవరితోనో మాట్లాడుతూనే. నేను అదే నొసట మొదలుపెట్టాను. ముక్కు దగ్గర అనుమానం వచ్చి ఒక్క క్షణం ఆగాను. ఒక్క క్షణమండీ! చుక్క దిగింది. మొదట లేతగా, ఏమీ ఎరగనట్టు. నేను చూస్తుండగానే ఇనుము వెళ్ళి కరక్కాయతో చేతులు కలిపింది, నల్లబడింది. కృష్ణుడి ముక్కు కొసన పులిపిరి. దాన్ని కప్పెయ్యబోతే ముక్కు లావైంది. లావుని సరిచెయ్యబోతే పొడుగైంది. పక్కనున్న పదేళ్ళ పిల్ల తొంగిచూసి, "అంకుల్, గరుత్మంతుడా?" అంది.

చెరపొచ్చా అని టీచరు గారిని అడిగాను. ఆవిడ నవ్వారు, అంతే.

విష్ణుధర్మోత్తర పురాణంలో చిత్రసూత్రమని ఒక భాగం ఉంది. ఆచార్యులు రేఖను మెచ్చుకుంటారట, విచక్షణులు వెలుగునీడలను, స్త్రీలు నగలను (ఈ మాట నాది కాదు), 'ఇతరే జనాః' రంగుల హంగును. నన్ను ఏ గంపలో వేశారో నాకు తెలుస్తూనే ఉంది. ఆచార్యులకే వంగుతానంటే పోనీలే అనుకునేవాణ్ణి. బాపు గారి దగ్గర ఎంత ఒద్దికగా ఉండేదానివి! ఒక్క విసురుకి వాలుజడవి. 2014లో ఆయన వెళ్ళిపోయాక కూడా, ఆయన చేతిరాత అచ్చులై పెళ్ళి శుభలేఖల మీద సిగ్గుపడుతూ కూర్చుంటున్నావు. సరే, ఆయన బాపు. మరి మా అమ్మ ఏ ఆచార్యురాలు? మోకాళ్ళ నొప్పులు, చత్వారం. ధనుర్మాసంలో తెల్లారకుండా, పాలబ్బాయితో బాకీ తగువు పెట్టుకుంటూ, నీ వంకైనా చూడకుండా వేళ్ళ సందున పిండి వదులుతుంది. పదిహేను చుక్కల మెలికల ముగ్గంతా తిరిగి, బయల్దేరిన చోటికే బుద్ధిగా వచ్చి కలుస్తావు. ఇంటి ముందు తడి నేల మీద, చీకట్లో! నేను ఫ్యాను కింద, కళ్ళజోడు పెట్టుకుని, డబ్బు కట్టి, ఊపిరి బిగబట్టి పిలిస్తే రావేం? ఏం తక్కువ చేశాను నీకు?

ఇంటికొచ్చి గుడ్డను కుళాయి కింద పెట్టాను. పాలవాసన తగ్గింది. బొగ్గు పోయింది. నువ్వు పోలేదు. సబ్బు పెట్టి రుద్దాను. ముక్కు ఇంకా స్పష్టంగా కనిపించింది.

అమ్మ తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ముక్కు గురించి ఏమీ అనలేదు. "ఈ చెవి వెనకాల బాగా వచ్చిందిరా" అంది. చూశాను. చెవి వెనక నుంచి మెడ దాకా, ఎక్కడా తొణకకుండా, అంగుళంన్నర. పులిపిరి బాధలో ఉండి ఆ ముక్క ఎప్పుడు గీశానో నాకే గుర్తులేదు.

అంగుళం ఎనిమిది వందలు పడింది.

ఇట్లు,
ఇతరే జనాః లో ఒకడు