గర్భసంచికి దొరికిన మంచం గుండెకు దొరకదు

ఏ పెద్దాస్పత్రిలోనైనా రాత్రి పదింటికి మగవాళ్ల వార్డులో ఓ చుట్టు తిరిగి చూడండి. మంచం మీద ఆయన, మంచం పక్కన నేల మీద చాప పరుచుకుని ఆమె. ఆడవాళ్ల వార్డుకు వెళ్లినా చాప మీద పడుకున్నది ఆడమనిషే. తల్లో, అక్కో, కోడలో అయి ఉంటుంది. కాబట్టి ఆస్పత్రుల్లో ఆడవాళ్లకు కొదవేమీ లేదు. వాళ్లలో మంచం ఎక్కేది ఎందరు, ఏ జబ్బుకు ఎక్కుతున్నారన్నదే చూడాల్సిన సంగతి.

మన ఆరోగ్యశ్రీనే తీసుకుందాం. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన పథకం ఇది. ఉమ్మడి రాష్ట్రంలో 2008 నుంచి 2012 వరకు దీని కింద జరిగిన 9.6 లక్షల పైచిలుకు అడ్మిషన్లను పరిశోధకులు లెక్కగట్టారు. అందులో ఆడవాళ్లవి 42 శాతం. ఖర్చులో వాళ్ల వాటా ఇంకా తక్కువ, 39 శాతం. రోగి చేతి నుంచి పైసా కట్టనక్కర్లేని పథకంలో కూడా పరిస్థితి ఇది.

దీన్నంతా వివక్ష ఖాతాలో వేసేయడం తొందరపాటే అవుతుంది. రోడ్డు ప్రమాదాల్లో చనిపోయేవాళ్లలో నూటికి 85 మందికి పైగా మగవాళ్లే. తెలంగాణలో మగవాళ్లలో 43 శాతం మంది మద్యం తాగుతారని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆడవాళ్లలో అది 7 శాతం లోపే. కాలు విరిగిన కేసులు, లివర్ పాడైన కేసులు మగవాళ్లవే ఎక్కువ ఉండటంలో వింతేమీ లేదు. గుండెపోటు కూడా మగవాళ్లకు కొన్నేళ్లు ముందే వస్తుంది.

కానీ పసిపిల్లలు బండి నడపరు, మందు తాగరు. రాజస్థాన్‌లో భామాషా బీమా పథకం క్లెయిములను పరిశీలిస్తే పదేళ్ల లోపు పిల్లల్లో ఆడపిల్లలు మూడో వంతే తేలారు. అక్కడా వైద్యం ఉచితమే. మరి మిగతా ఆడపిల్లలకు జబ్బు చేయలేదనుకోవాలా?

ఇక రెండో వైపు చూడండి. ఆ అయిదో కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారమే తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96 శాతానికి పైగా పురుళ్లు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. నెల తప్పిన దగ్గర నుంచి ఆశా కార్యకర్త లెక్క రాసుకుంటుంది. నొప్పులొస్తే 108 బండి ఇంటి ముందుకొస్తుంది. ఒక తరం కింద ఇంట్లో మంత్రసానితో పురుడు పోసుకున్న ఊళ్లే ఇవి. అంటే ఆడమనిషిని ఆస్పత్రికి ఎలా తీసుకురావాలో మన వ్యవస్థకు తెలియక కాదు, బ్రహ్మాండంగా తెలుసు. తెచ్చాక ఏం చేస్తోందన్నది వేరే కథ. తెలంగాణలో ప్రతి వంద పురుళ్లలో 60కి పైగా పెద్దాపరేషన్లే. ప్రైవేటులో అయితే 81.

పురుడు తర్వాత పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది అది చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల వేసెక్టమీ ఒక శాతం కూడా లేదు. పొట్ట కోయనక్కర్లేని తేలిక ఆపరేషన్ అదే అయినా సరే. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మంది ఆడవాళ్లకు ఈ ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు.

అక్కడితో ఆగదు. 2015-16 నాటి నాలుగో కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం ఉంటే, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలో అగ్రస్థానం మనదే. తెల్లబట్ట అనో, బ్లీడింగ్ ఎక్కువైందనో వెళ్తారు. క్యాన్సర్ అవుతుందేమోనన్న మాట ఒకటి చెవిన పడుతుంది. 'పిల్లలు పుట్టేశారుగా, ఇక దాంతో పనేముంది' అని ఇంట్లో వాళ్లూ అంటారు, ఆమె కూడా అంటుంది. ముప్పై ఐదేళ్లకే పని అయిపోతుంది. చాలామందికి గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారన్న సంగతే తెలియదు. అవి చిన్న వయసులోనే పోతే ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. నలభైల్లో ఆయాసం వస్తోందంటే పాత ఆపరేషన్‌తో ముడిపెట్టి చూసే నాథుడు ఉండడు. ఈ ఆపరేషన్ల మీద కేంద్రం 2022లో మార్గదర్శకాలిచ్చింది. మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది.

మా పిన్నికి ఛాతీలో బరువుగా ఉందంటే నాలుగు రోజులు గ్యాస్ అనుకున్నారు. వాము నమిలింది, సోడా తాగింది. 'పండగ వెళ్లనీయండి, చూపించుకుంటా' అంది. గుండెపోటు ఆడవాళ్లలో చాలాసార్లు ఇలాగే వస్తుంది. ఎడమ చెయ్యి లాగడం, గుండె పట్టుకుని కూలబడటం లాంటివేమీ లేకుండా ఆయాసం, వికారం, వీపులో నొప్పి, విపరీతమైన నీరసంతో వస్తుంది. ఇంట్లో వాళ్లనే అనడం ఎందుకు, మొదట చూసిన డాక్టరూ గ్యాస్ మాత్రే రాశాడు. ఆమె బతికింది కానీ గుండె కండరం కొంత పోయింది.

ఇవన్నీ ఒక ఎత్తు, అవయవ మార్పిడి ఒక ఎత్తు. 1995 నుంచి 2021 వరకు దేశంలో జరిగిన అవయవ మార్పిళ్లు 36,640. అవయవం అందుకున్నవాళ్లలో ఆడవాళ్లు 6,945 మంది, అంటే అయిదుగురిలో ఒకరు కూడా లేరు. బతికుండగా ఇచ్చేవాళ్లలో మాత్రం వాళ్లే ఎక్కువ. భర్తకు కిడ్నీ, కొడుక్కి లివర్ ముక్క. ఏ జబ్బూ లేని మనిషి ఆస్పత్రిలో చేరి కోత పెట్టించుకునే సందర్భమిది. ఆ కేస్ షీట్ మీద ఎక్కువగా కనిపించేది ఆడపేరే. 'సంపాదించే మనిషి కదా' అనేది ఇళ్లలో వినిపించే సమాధానం. ఆ ఇంట్లో ఆమె చేసే చాకిరీకి జీతం కట్టి చూస్తే లెక్క ఎటు తేలుతుందో!

దూరం కూడా ఆడవాళ్లకే ఎక్కువ భారం. ఢిల్లీ ఎయిమ్స్‌కు 2016లో ఓపీకి వచ్చినవాళ్ల లెక్క తీస్తే, ఢిల్లీ నుంచి ఒక ఆడమనిషికి 1.41 మంది మగవాళ్లు వస్తే, బీహార్ నుంచి 2.37 మంది వచ్చారు. దూరం పెరిగేకొద్దీ ఆడవాళ్లు ఇంట్లోనే ఆగిపోయారు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి బస్సు ఉచితమైంది కాబట్టి టికెట్ బాధ కొంత తీరింది. తోడెవరు వస్తారు, చేరితే అటెండెంట్‌గా ఎవరు ఉంటారు, ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారన్నవి మాత్రం అలాగే ఉన్నాయి.

ఆరోగ్యశ్రీ కంప్యూటర్లలో ప్రతి కేసుకూ రోగి వయసు, ఆడా మగా, జబ్బు, ఊరు అన్నీ ఉంటాయి. వాటిని మండలాల వారీగా ఏటా బయటపెడితే చాలు. గర్భసంచి ఆపరేషన్లు ఎక్కడ కుప్పపడుతున్నాయో, ఏ మండలం నుంచి ఏడాదిలో ఒక్క ఆడ గుండె కేసు కూడా రాలేదో ఆ కాగితంలోనే కనిపిస్తుంది. గర్భిణుల జాబితా రాసే ఆశా కార్యకర్త ఆ ఊళ్లోనే ఉంది. యాభై దాటిన ఆడవాళ్ల జాబితా కూడా ఆమె చేతికే ఇవ్వొచ్చు. దానికీ ఎంతో కొంత కట్టివ్వాలి మరి, పురుటికి ఇస్తున్నట్టే.