స్టార్టర్ డబ్బాకు ఈ పరీక్ష ఎవరు చేయాలి?

పొలానికి పోకుండానే ఫోన్ కొట్టి బోరు మోటరు వేసుకునే రోజులివి. పరకాల, నర్సంపేట, హుజూరాబాద్ వైపు రైతులకు మొబైల్ స్టార్టర్ కొత్త వస్తువేమీ కాదు. అది మొండికేస్తే 'సిగ్నల్ లేదు' అంటాడు మెకానిక్, లేదంటే బోర్డు మార్చమంటాడు. తప్పు సిగ్నల్‌ది కాకపోవచ్చు. పక్కనే ఉన్న కాంటాక్టర్‌ది, అంటే మోటరుకు కరెంటు కలిపి విడదీసే స్విచ్‌ది, కావచ్చు.

కాంటాక్టర్ టక్కున విడిపోయినప్పుడు దాన్ని లాగి పట్టే తీగచుట్ట (కాయిల్)లోంచి, నిప్పురవ్వల్లోంచి సన్నటి వోల్టేజీ పోట్లు గుంపుగా పుడతాయి. కంటికి కనబడవు, చెవికి వినబడవు. అదే డబ్బాలో ఉన్న చిన్న చిప్ మాత్రం తికమకపడి రీసెట్ అవుతుంది. నీళ్లు లేని బోరులో ఆగాల్సిన మోటరు ఆగకపోతే కాలేది వైండింగే. రీవైండింగ్ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో చెప్పక్కర్లేదు.

దీనికి పరీక్ష లేక కాదు. అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ ఐఈసీ ఇచ్చిన 61000-4-4 అనే ప్రమాణం ఇలాంటి పోట్ల కోసమే ఉంది. 300 మిల్లీసెకన్లకోసారి పోట్ల గుంపును కరెంటు తీగల్లోకి వదిలి, పరికరం తట్టుకుంటుందా లేదా చూస్తారు. పిడుగుపాటు పోటుకు, చేతి స్పర్శతో కొట్టే స్టాటిక్ షాక్‌కు వేరే పరీక్షలున్నాయి. పరికరం తాను బయటికి వదిలే విద్యుత్ రొదనూ కొలుస్తారు. చవక ఎల్ఈడీ బల్బు వేయగానే మీడియం వేవ్ రేడియో గరగరలాడేది ఆ రొద వల్లే. యూరోపియన్ యూనియన్‌లో 1996 జనవరి 1 నుంచి పరికరం ఇలాంటివి తట్టుకోవడం, రొద హద్దులో ఉండటం తప్పనిసరి. మన దేశంలో ఎలక్ట్రానిక్ వస్తువులకు 2012 ఉత్తర్వుతో మొదలైన నిర్బంధ నమోదు ప్రధానంగా చూసేది షాక్ కొడుతుందా, అంటుకుంటుందా అనే. అది అవసరమే, కానీ సరిపోదు.

తెలంగాణలో 2018 జనవరి నుంచి 24 గంటల వ్యవసాయ కరెంటు వచ్చాక, కరెంటు రాగానే మోటరును తనంతట తానే వేసే ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం ఊరూరా చెప్పింది. వాటి స్థానంలోకి వచ్చే డబ్బాల నాణ్యత గురించి అంత పట్టుదల చూపాలి కదా! కాయిల్‌కు అడ్డంగా ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ పెడితేనే ఈ పోట్లు చాలావరకు తగ్గుతాయి. డిజైన్ అప్పుడే చూసుకుంటే కొద్ది రూపాయల పని. అమ్మాక తెలిస్తే రైతు జేబుకు చిల్లు.

వరంగల్ ఎన్ఐటీ తన ల్యాబులో వారానికి ఒకరోజైనా చిన్న తయారీదారులకు ప్రాథమిక పరీక్ష చేసిపెట్టాలి. సబ్సిడీతో ఇచ్చే ఏ స్టార్టర్‌కైనా ఈ పరీక్ష పత్రం ఉండాలని వ్యవసాయ శాఖ టెండర్‌లో ఒక వాక్యం చేర్చాలి. యాసంగి నాట్లకు ముందే ఆ వాక్యం రాయవచ్చు.